మా కంప్యూటర్‌కు కనిపించని పేరు

ఆ సోమవారం పొద్దున కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుంటే నెట్ లేదు.

మాది హిందూపురంలో చింతపండు, ఎండుమిరపకాయల వ్యాపారం. అంగడి మార్కెట్ దగ్గర, ఇల్లు దాని వెనక సందులో. బిల్లులు, పన్నుల పని అంగట్లో పెట్టుకోను. ఆ దుమ్ముకూ ఆ ఘాటుకూ ఏ మిషనూ అక్కడ బతకదు. అందుకని ఇంట్లో, హాల్లో ఒక మూలన కంప్యూటర్ ఉంటుంది. మా పాప ఇంటర్లో చేరినప్పుడు కొన్నది. పాప చదువు అయిపోయింది, పెండ్లయింది, ధర్మవరంలో కాపురం పెట్టింది. కంప్యూటర్ మాత్రం మారలేదు. మార్చమని అందరూ చెప్పినారు, నేనే వద్దన్నాను. దాని మీద ఏది ఎక్కడుందో నాకు తెలుసు, ఎందుకంటే నాకు నేర్పింది పాప.

నేర్పింది అంటే ప్రేమగా నేర్పిందని కాదు, తిట్టి నేర్పింది. నేను కుర్చీలో కూర్చుంటే, తను కుర్చీ చేతి మీద కూర్చునేది. తెర మీద ఏదైనా చిన్న కిటికీ తెరుచుకుంటే నాకు గాబరా. అందులో ఏం రాసిందో చూడకుండా ఏదో ఒకటి నొక్కేవాణ్ణి. "ముందు చదువు నాయనా, తర్వాత నొక్కు!" అని నెత్తి కొట్టుకునేది. అంగట్లో నేను ఒక మాటంటే హమాలీలు పక్కకు తప్పుకుంటారు. అట్లాంటి నన్ను ఇంట్లో ఒక చిన్నపిల్ల అంత మాట అంటూంటే మా ఆవిడ వంటింట్లోంచి నవ్వేది. నాకు కోపం వచ్చేది కాదు. తను ఇంకోసారి అనాలని కావాలనే తప్పు నొక్కిన రోజులు కూడా ఉన్నాయి.

పెండ్లయినాక ఆ తిట్లు ఆగిపోయినాయి. ఆగిపోవడం ఒక్కసారిగా కాలేదు. మొదట్లో ఏదైనా అడిగితే ఫోన్లోనే చెప్పేది. తర్వాత తర్వాత "ఒక నిమిషం నాయనా, ఆయన్ని అడుగుతా" అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత "ఆయనకిస్తా ఉండు, ఆయనకు ఇవన్నీ బాగా తెలుసు" అని ఫోన్ ఇచ్చేసేది.

మా అల్లుడు మంచివాడు. ధర్మవరంలో వాళ్ళకు మగ్గాలున్నాయి, పట్టుచీరల వ్యాపారముంది. మాట మెత్తన. అలవాట్లేమీ లేవు. నన్ను "మామా" అని పిలిచేటప్పుడు కొంచెం ముందుకు వంగి పిలుస్తాడు. అతనిలో ఒక్క తప్పు దొరికినా నాకు ప్రాణం సుఖంగా ఉండేది. దొరకలేదు. అది నాకు పెద్ద కష్టమైపోయింది. మనిషి చెడ్డవాడైతే మనసులో తిట్టుకోవచ్చు. మంచివాణ్ణి ఏమని తిట్టుకునేది?

ఆ ముందు శని, ఆదివారాలు వాళ్ళిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. అంతకు ముందు వారం ఉరుములకు మా నెట్ పెట్టె కాలిపోయి, నెట్ ఆయన కొత్తది బిగించి పోయినాడు. కొత్త పెట్టె వచ్చిందని పాప ఫోన్లన్నీ సర్దింది, కంప్యూటర్ కూడా కలిపి చూసింది, అన్నీ పనిచేసినాయి. ఆదివారం సాయంత్రం అల్లుడు సోఫాలో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తూ ఉన్నాడు. నేను నా ఫోన్లో అక్షరాలు చిన్నగా ఉన్నాయని పాపను అడిగితే, తను చెయ్యి తుడుచుకుని వచ్చేలోపల అతనే లేచి "ఇటివ్వండి మామా" అని తీసుకుని రెండు నిమిషాల్లో పెద్దవి చేసి ఇచ్చినాడు. పాప వంటింటి గడపలో నిలబడి చూసి, "చూసినావా నాయనా!" అని ఎంత సంతోషపడిందో! ఆ అక్షరాలు ఇప్పటికీ అంతే పెద్దగా ఉన్నాయి. చూసినప్పుడల్లా కడుపులో ఒక చిన్న మంట.

సోమవారం తెల్లవారుజామునే వాళ్ళు రైలెక్కి వెళ్ళిపోయినారు. నేను స్టేషన్లో దింపి వచ్చి, కాఫీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నెట్ లేదు.

నెట్ పెట్టె మీద దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మా ఆవిడ అదే నెట్ మీద ఫోన్లో వంటల వీడియో చూస్తోంది. నా ఫోన్లో కూడా వస్తోంది. కంప్యూటర్లో మాత్రం రావడం లేదు. పెట్టె ఆపి, కొంచెం సేపు ఆగి, మళ్ళీ వేసినాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినాను. కింద మూలన గుర్తు నొక్కితే చుట్టుపక్కల వాళ్ళ నెట్ పేర్లన్నీ వరసగా వచ్చినాయి. ఎదురింటి టైలర్‌ది ఉంది, సందు మొదట్లో క్లినిక్‌ది ఉంది, కన్నడంలో దేవుని పేరు పెట్టుకున్న వాళ్ళది ఎవరిదో ఉంది. మా అంగడి పేరు మీద పెట్టుకున్న మా నెట్టు మాత్రం లేదు. ఊర్లో అందరి పేర్లూ చూపిస్తూ, పక్కనే జానెడు దూరంలో ఉన్న మా పేరు చూపించకపోతే ఏమనుకోవాలి?

వైరు పెట్టి కలపడానికి లేదు. మా కంప్యూటర్‌కు వైరు పెట్టే రంధ్రం ఎన్నో ఏళ్ళ కిందటే ఇంకో ఉరుముకు పోయింది. అప్పుడు పాప ఒక చిన్న వైఫై పిన్ను తెచ్చి వెనక గుచ్చింది. అప్పట్నుంచి అదే ఆధారం. ఆ పిన్ను తీసి ఊదినాను. పక్క రంధ్రంలో పెట్టినాను. దానిలో చిన్న దీపం మిణుకు మిణుకుమంటూనే ఉంది. పేరు మాత్రం రాలేదు.

నెట్ ఆయన్ని పిలిపిస్తే సాయంత్రానికి వచ్చినాడు. చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి తన ఫోన్ తీసి చూపించినాడు. "సార్, చూడండి, నెట్ సూపర్‌గా ఉండాది. మీ కంప్యూటర్దే ప్రాబ్లం. ఎంత పాతదబ్బా ఇది! ఎవురన్నా ఇంకా వాడతారా దీన్ని?" అని, బండెక్కి వెళ్ళిపోయినాడు.

ఆ మాట నన్ను కంప్యూటర్‌తో కలిపి అన్నట్టే అనిపించింది. పాపకు ఫోన్ చేసినాను.

"పిన్ను లైటు వెలుగుతాందా నాయనా?"

"వెలుగుతాంది."

"పక్కనోళ్ళ పేర్లు వస్తాండాయా?"

"అందరివీ వస్తాండాయి. మనదొక్కటే రాలే."

"అదేంది, ఆదివారం నేను కలిపినప్పుడు వచ్చింది కదా..." అని తను ఏదో ఆలోచిస్తూంటే, వెనక నుంచి అల్లుని గొంతు వినపడింది. "నేను మాట్లాడనా?" అని. తను నాతో మాట్లాడుతున్న మాట సగంలో ఆపేసి, "ఉండు, ఆయనకిస్తా" అంది.

"వద్దులే తల్లీ, అంగట్లో మనుషులొచ్చినారు, తర్వాత చేస్తా" అని పెట్టేసినాను. అంగట్లో మనుషులు రావడానికి నేను అంగట్లో లేను. ఇంట్లో, కంప్యూటర్ ముందు, మిణుకుమంటున్న ఆ పిన్ను చూస్తూ కూర్చుని ఉన్నాను. "ఎవురొచ్చినారు?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. నేను పిన్ను తీసి మళ్ళీ గుచ్చినాను.

ఎట్లాగైనా ఇది నేనే బాగుచేయాలని పట్టుదల వచ్చింది. కంప్యూటర్ చెడిందా, ఇంట్లో నెట్ చెడిందా అని తేల్చుకోవాలంటే కంప్యూటర్ను ఇంకో ఇంటి నెట్ మీద పెట్టి చూడాలి. ఈ ఆలోచన నాకు నేనుగా వచ్చింది. చాలా గొప్పగా అనిపించింది. పక్కింట్లో అడగొచ్చు. కానీ వాళ్ళు ఏమైందేమైందని పదిమందికి చెప్తారు. పెనుకొండలో మా చెల్లెలుంది. కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, కీబోర్డు, మౌసు సంచిలో, పిన్ను జేబులో వేసుకుని, మంగళవారం పొద్దున బస్సెక్కినాను. సోమందేపల్లి దాకా నిలబడే పోయినాను, డబ్బా మాత్రం ఒక పెద్దాయన ఒడిలో కూర్చుంది. "ఏంటప్పా ఇది, టీవీనా?" అన్నాడాయన. "కంప్యూటర్" అన్నాను. "ఎంత బరువుండాదబ్బా!" అన్నాడు, గౌరవంగానే.

మా చెల్లెలు నన్నూ దుప్పటి మూటనూ చూసి గుమ్మంలోనే నవ్వింది. వాళ్ళ టీవీని తెరగా పెట్టుకుని, డబ్బా కలిపి, పిన్ను గుచ్చినాను. ఒక్క క్షణంలో వాళ్ళ నెట్ పేరు వచ్చింది. పాస్‌వర్డ్ వేస్తే కలిసింది. అన్నీ తెరుచుకున్నాయి. నా కంప్యూటర్ బాగుంది! నా పిన్ను బాగుంది! నెట్ ఆయన అన్నది అబద్ధం! నేను లేచి నిలబడి, "చూసినావా!" అన్నాను. అచ్చం పాప గడపలో నిలబడి అన్నట్టే.

చెల్లెలు ఆ సంతోషంలో తన ఫోన్‌ను టీవీకి కలిపి పాపకు వీడియో కాల్ చేసింది. పెద్ద టీవీ నిండా పాప ముఖం. వెనక బీరువా నిండా మడతపెట్టిన పట్టుచీరలు. చెవి వెనక పెన్ను దోపుకుని ఉంది, చిన్నప్పటి అలవాటు.

"నాయనా! నువ్వు పెనుకొండలో ఏం చేస్తాండావు? కంప్యూటర్ ఎత్తుకొని పోయినావా? దేవుడా!" అని నవ్వి, "సరేలే. కంప్యూటర్ బాగుండాదంటే ఇంట్లో ఆ కొత్త పెట్టెలోనే ఏదో ఉంటాది. ఆయన రేపు తెల్లారుజామున బెంగళూరుకు పోతాడు, చీరలు ఇచ్చొచ్చేదానికి. వచ్చేటప్పుడు హిందూపురంలో దిగి చూసేసి వస్తాడులే."

"నువ్వు రాకూడదా?" అన్నాను.

"పెండ్లిళ్ళ కాలం నాయనా, ఈడ ఊపిరాడ్డం లేదు. ఆయన చూస్తాడులే, ఆయనకు బాగా తెలుసు."

"ఆయనకెందుకు కష్టం. నేను చేసుకుంటా."

"నీకు రాదు నాయనా" అంది, చాలా ప్రేమగా. తిట్టి అనుంటే బాగుండేది.

కాల్ అయినాక చెల్లెలు నా ముందు కాఫీ పెట్టి, కాసేపు నన్నే చూసింది. "ఏమన్నా, అల్లుని మీద కుళ్ళా నీకు?" అంది.

"ఏం మాటలవి?"

"ముఖం చూస్తే తెలుస్తాందిలే. మా మామ కూడా ఇట్లనే ఉన్యాడు మా పెండ్లయిన కొత్తల్లో. కొడుకు నాకు పూలు తెస్తే, ఆయన కూడా పోయి మా అత్తకు పూలు తెచ్చేవాడు, జీవితంలో ఎప్పుడూ తేనోడు." అని నవ్వింది. నేను నవ్వలేదు. కాఫీ తాగి, డబ్బాను మళ్ళీ దుప్పట్లో చుట్టుకున్నాను.

ఇంటికొచ్చి, అతను వచ్చేలోపల బాగుచేసేయాలని మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేసినాను. అతను గుమ్మంలోకి రావాలి, నేను కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లు వేస్తూ ఉండాలి, తల ఎత్తకుండా "ఓ, అదా? అది ఎప్పుడో అయిపోయిందప్పా" అనాలి. ఆ మాట ఎట్లా అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. కంప్యూటర్ నా మాట వినలేదు. ఎదురింటి టైలర్ పేరు చూపిస్తూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం అల్లుడు వచ్చినాడు. మా ఆవిడ పొద్దున్నుంచే వంటింట్లో ఉంది. ఒబ్బట్ల వాసన సందు దాకా పోయింది. నాకు షుగర్ ఉందని ఉగాదికి ఒక్కటంటే ఒక్కటి పెట్టి, గిన్నె మూసేసిన మనిషి. అల్లుని ఆకులో నెయ్యి పోసి, ఇంకోటి, ఇంకోటి అని వేస్తూనే ఉంది. నేను చారన్నం తింటూ చూసినాను. "మీరు కూడా ఒకటేసుకోండి మామా" అన్నాడతను. "ఆయనకొద్దులే" అంది మా ఆవిడ.

భోజనం అయినాక అతను నా కుర్చీలో కూర్చున్నాడు. "రాండి, చూడండి" అన్నాను మర్యాదగా. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఏం చేస్తాడో ఒక్కటీ వదలకుండా చూడాలని.

అతను పేర్ల వరస తెరిచినాడు, మూసినాడు. మళ్ళీ తెరిచినాడు. కంప్యూటర్ ఆపి వేసినాడు. పిన్ను తీసి ఊదినాడు. అన్నీ నేను చేసినవే! ఆ ఊదడం చూడగానే నా మనసులో ఏదో లేచి కూర్చుంది. అతను మధ్యమధ్యలో ఫోన్ను మోకాలి పక్కన దాచి పెట్టుకుని ఏదో వెదుకుతున్నాడు, చదువుతున్నాడు. ఫ్యాను తిరుగుతున్నా నుదురు తడిసింది. నాకు అర్థమైపోయింది. ఇతనికి తెలీదు. నాకు తెలిసినంతే ఇతనికీ తెలుసు. అంతకన్నా తక్కువే కూడా కావచ్చు.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. "మంచినీళ్ళు కావాల్నా?" అని అడిగినాను. అంత తియ్యగా ఎప్పుడూ అడిగి ఉండను.

అతను మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మామా, మీకొక మాట చెప్తా, ఏమనుకోవద్దు. నాకు ఇవి పెద్దగా తెలీవు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసేది, అట్లాంటివి తెలుసు. అంతే. మా ఇంట్లో ఏది చెడినా ఆమే చేస్తాది. నేను పక్కన నిలబడి లైటు పట్టుకుంటా."

"మరి పాప అన్నీ మీకే తెలుసు అంటాది కదా?"

"అదే నాకూ అర్థం కాదు. ఫోన్ నా చేతికిచ్చి, పక్కన నిలబడి ఏం చెప్పాలో సైగ చేస్తాది. నేను మీకు చెప్తా. వద్దే అంటే, 'మా నాయన దగ్గర మీకు కొంచెం విలువ ఉండాల' అంటాది."

 ఇన్నాళ్ళూ ఫోన్లో అతని గొంతుతో నాకు చెప్పింది పాపేనన్నమాట. తను అక్కడే, ఫోన్ పక్కనే ఉందన్నమాట. ఒకవైపు ఎంతో హాయిగా అనిపించింది. ఇంకోవైపు, అతని విలువ కోసం తను ఇంత కష్టపడుతోందా అని మంట ఇంకా పెరిగింది. నా గురించి కూడా తను ఎప్పుడైనా ఎవరితోనైనా ఇట్లా లేనిది చెప్పిందా? కాలేజీలో స్నేహితురాళ్ళతో "మా నాయన కంప్యూటర్లో అన్నీ చేసుకుంటాడు" అని చెప్పేదని మా ఆవిడ ఎప్పుడో అనింది. అప్పుడు నాకు ఎగతాళిగా తోచింది.

"సరే, పాపకే చేద్దాం ఫోను" అన్నాను.

స్పీకర్ వేసి ఫోన్ను టేబుల్ మీద పెట్టినాడు. పాప ఎత్తగానే, "అయిందా?" అంది.

"కాలేదు" అన్నాడతను.

"నాయన పక్కన్నే ఉన్యాడా?"

"ఉన్యాను తల్లీ. అంతా చెప్పేసినాడులే. నువ్వే చెప్పు ఏం చేయాల్నో."

 అవతల చిన్నగా నవ్వు. "సరే, ఇద్దరూ వినండి. మన కొత్త పెట్టె రెండు రకాల సిగ్నల్ వదుల్తాది. ఒకటి పాత రకం, నిదానం. ఇంకోటి కొత్త రకం, వేగం. ఫోన్లకు రెండూ కనపడతాయి. మన పిన్ను పాతది, దానికి పాత రకం ఒకటే కనపడ్తాది. పక్కనోళ్ళవి కనపడి మనది కనపల్లేదంటే, మన పెట్టెలో పాత రకం ఆగిపోయింది. ఫోన్లో పెట్టె సెట్టింగులు తెరవండి."

అల్లుడు తన ఫోన్లో తెరవడం మొదలుపెట్టినాడు. ఏదో చిన్న కిటికీ అడ్డం వచ్చింది. అతను దాన్ని చూడకుండానే నొక్కేసినాడు. మొత్తం మూసుకుపోయింది.

"ఏమైంది?"

"ఏదో వచ్చింది, నొక్కినా, పోయింది."

"అయ్యో! ముందు చదవండి, తర్వాత నొక్కండి!"

 అదే మాట. అదే విసుగు, అదే చనువు. చివర్లో 'అండి' ఒకటి తగిలించింది, అంతే. కుర్చీ చేతి మీద కూర్చుని నన్నన్న మాట ఇప్పుడు రోజూ ఇంకొకరికి చెందుతోంది. చీరలూ ఒబ్బట్లూ ఇల్లూ కాపురమూ అన్నీ అతనివే కానీలే అనుకోగలిగినాను. ఆ తిట్టు మాత్రం నాదనుకున్నాను. అతను తిట్టు తిని నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు కూడా నాకు తెలిసినదే.

రెండోసారి తెరిచినప్పుడు పాస్‌వర్డ్ అడిగే చోట ఫోను తనంతట తానే నింపేసుకుంది. అంతకు ముందు ఒకసారి పాస్‌వర్డ్ వేసి తెరిచి ఉంటేనే అట్లా నింపుకుంటుందని పాప నాకు నేర్పిన పాఠాల్లో ఒకటి. నేను అతని ముఖం చూసినాను. అతను తెర చూస్తున్నాడు. రెండు వరసలు వచ్చినాయి. ఒకటి వెలుగుతోంది, ఇంకోటి ఆగి ఉంది. అతని వేలు గాల్లోనే నిలబడిపోయింది.

ఫోన్ మైకును చేత్తో మూసి, నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు. "మామా, ఇది నేనే ఆపినా. ఆదివారం మ్యాచ్ చూసేటప్పుడు ఆగి ఆగి వస్తాంటే, ఎవరో వీడియోలో చెప్పినారు పాతది ఆపేస్తే వేగంగా వస్తాదని. ఆపినా. మళ్ళీ వేసేది మర్చిపోయినా. కంప్యూటర్‌కు అదే కావాలని నాకేం తెలుసు?"

"ఏమైంది, కనపడిందా?" పాప అడిగింది.

అతను చెయ్యి తీసినాడు. "ఆ. పాతది ఆఫ్‌లో ఉండాది."

"అది తనంతట తాను ఆఫ్ కాదు. నేను ఆదివారం పొద్దున కలిపినప్పుడు ఆన్‌లోనే ఉండె. ఎవరు ఆపినారు?"

 అల్లుని చెవులు ఎర్రబడినాయి. ఇన్నాళ్ళుగా నేను కోరుకుంటున్నది ఇదే కదా. ఇతనిలో ఒక తప్పు. నా కళ్ళ ముందే, పాప వింటూండగా, తలుపు తట్టకుండా వచ్చి నిలబడింది. నేను కంప్యూటర్ మోసుకుని పెనుకొండ దాకా పోయింది ఇతని మ్యాచ్ కోసం! ఒక్క మాటంటే చాలు. ఆ మాట నా నాలుక మీదే ఉంది.

అతను నావైపు చూసినాడు. బతిమాలుతున్నట్టు కాదు. చెప్పేయడానికి ధైర్యం కూడగట్టుకుంటున్న మనిషిలాగా.

"నేనే తల్లీ" అన్నాను. "ఆదివారం సాయంత్రం ఫోన్లో ఏదో చూస్తా చూస్తా, ఏదో నొక్కింటా."

"నాయనా!" అంది పాప. "నీకు పెట్టె సెట్టింగులతో ఏం పని? ఎందుకు పోయినావు దాంట్లోకి? ఎన్నిసార్లు చెప్పినా నీకు? ముందు చదువు, తర్వాత నొక్కు అని ఎన్నిసార్లు చెప్పినా? పెనుకొండ దాకా మోసుకొని పోయినావే, నడుము పట్టుకుంటే ఎవరు చూస్తారు? అమ్మేం చేస్తాండె? చిన్నపిల్లోనికన్నా అన్యాయం నువ్వు!"

ఇంకా చాలా అంది. నేను "ఊ", "ఊ" అంటూ విన్నాను. మధ్యలో ఒక చోట "సరేలే, తెలీక నొక్కినా" అన్నాను, ఇంకొంచెం తిట్టనీ అని. మా ఆవిడ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆదివారం అక్షరాలు పెద్దవి చేయించుకున్నాక నా ఫోను చార్జింగులో ఆమె పక్కనే ఉండిందని ఆమెకు తెలుసు. నన్ను చూసింది, అల్లుణ్ణి చూసింది, లోపలికి పోయింది.

అల్లుడు పాత రకాన్ని ఆన్ చేసినాడు. కాసేపటికి కంప్యూటర్లో, టైలర్‌కూ క్లినిక్‌కూ పైన, మా అంగడి పేరు వచ్చి కూర్చుంది.

సాయంత్రం అతన్ని స్టేషన్‌కు నేనే బండి మీద తీసుకుపోయినాను. మా ఆవిడ ఒబ్బట్లు డబ్బాలో పెట్టి, పైన చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. ప్లాట్‌ఫాం మీద బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నాం. బెంగళూరు నుంచి వచ్చే రైలు ఆలస్యమని చెప్తున్నారు. అంతకు ముందు మేమిద్దరమే ఎప్పుడూ అట్లా కూర్చోలేదు. ఎవరో ఒకరు మధ్యలో ఉండేవాళ్ళు.

"మామా, ఎందుకట్ల చెప్పినారు?" అన్నాడు.

"ఏమో అప్పా. నోటికి వచ్చేసింది."

"నేనే చెప్పేసేవాణ్ణి."

"తెలుసు. అందుకే ముందు చెప్పినా."

అతను పట్టాల వైపు చూస్తూ, "మిమ్మల్ని తిట్టినట్లు నన్ను తిట్టదు మామా" అన్నాడు. "నన్ను తిట్టేటప్పుడు మధ్యలో ఆపేస్తాది. ఏమనుకుంటాడో అని. మిమ్మల్ని చూడండి, ఊపిరి తీసుకోకుండా తిట్టింది."

నేను అతని వైపు తిరిగి చూసినాను. ఆ మాటలో ఉన్నది ఏమిటో నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళుగా దాన్నే మోసుకుని తిరుగుతున్నాను. "ఆపదులేప్పా" అన్నాను. "ఇంకా కొత్త కదా. పోను పోను ఆపకుండా తిడ్తాది. నువ్వేం బాధపడొద్దు." 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అన్నాక గాని నాకు తెలీలేదు. అతను నవ్వినాడు. "ఆ సెట్టింగు సంగతి మన మధ్యనే ఉండనీ" అన్నాను. తలూపినాడు.

రైలు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపినాడు. పెనుకొండ దాటి, ధర్మవరంలో దిగి, ఆటో ఎక్కి ఇల్లు చేరతాడు. తలుపు తీసేది పాప. డబ్బా మూత తీసి ఒబ్బట్టు వాసన చూసేది పాప. అదంతా తలచుకుంటూ బండి తీసుకుని ఇంటికి వస్తుంటే మంట కొంచెం మళ్ళీ రాజుకుంది. కానీ దానితో పాటు ఇంకొకటి కూడా ఉంది. మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటుంది కదా అనే ధీమా. పాపకు తెలియనిది, అల్లునికీ నాకూ మధ్య. అది నాకు భలే బాగుంది.

మరుసటి రోజు నేను కంప్యూటర్లో బిల్లులు వేస్తూంటే పాప ఫోన్ చేసింది.

"నాయనా, అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"ఏం అబద్ధం?"

"ఆయన చెప్పేసినాడులే."

"ఎప్పుడు?"

"గడప దాటీ దాటకముందే. డబ్బా నా చేతికి ఇస్తా ఇస్తా చెప్పేసినాడు. కడుపులో ఒక మాట నిలవదు ఆ మనిషికి."

నాకు ఒళ్ళు మండింది. మా ఇద్దరి మధ్య ఉండాల్సిన మాట ధర్మవరం గడప దాకా కూడా నిలవలేదు. ఆ బెంచీ మీద తలూపిన మనిషి, నాతో అంత సేపు కూర్చున్న మనిషి, పాప ముఖం చూడగానే అంతా అప్పజెప్పేసినాడు. ఆమెకిచ్చిన చనువులో సగమైనా నాకివ్వలేదే అని అల్లుని మీద బాధ కలిగింది. నిన్నటిదాకా పాప కోసం అతని మీద కుళ్ళినవాణ్ణి, ఈ పొద్దు అతని కోసం పాప మీద కుళ్ళుతున్నాను.

"నిన్ను కూడా తిట్టినా కదా ఊరికే, పాపం" అంది పాప. "ఆయన్ని తిట్టినాలే నిన్న, సరిగ్గా."

"మధ్యలో ఆపినావా?"

"ఏంది?"

"ఏంలేదు. ఆ పిన్ను పాతదైపోయింది కదా, కొత్తది కొనాల్నా, దీన్నే ఉంచాల్నా?"

"కొత్తది నేను తెస్తాలే, వచ్చినప్పుడు."

"ఆయన్ని కూడా పిల్చుకొని రా" అన్నాను.